‘మరి మీ సంగతేమిటి?’ – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో అయిదు ఒకే బాధను వేర్వేరు చోట్ల నుంచి చెప్పాయి. ఒక తప్పును ఎత్తి చూపగానే అవతలివారు దానికి జవాబు చెప్పకుండా, ఎత్తి చూపినవారి తప్పునో మూడోవారి తప్పునో ముందుకు తెస్తున్నారన్నదే ఆ బాధ. అందువల్ల ఈసారి వేరే ప్రశ్నలు తీసుకోకుండా వీటికే స్థలమంతా కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మ అన్నయ్య దగ్గర ఉంటుంది. పదిహేనేళ్లుగా ఆమెకు షుగర్ ఉంది. ఈమధ్య వెళ్లినప్పుడు ఎడమ కాలి బొటనవేలి కింద పుండు కనిపించింది. మూడు వారాలైందట, పసుపు అద్దుతున్నారు. డాక్టరుకు ఎందుకు చూపించలేదని అడిగితే అన్నయ్య, “రెండేళ్లలో నువ్వెన్నిసార్లు వచ్చావు? మీ అత్తగారిని వృద్ధాశ్రమంలో చేర్చినదానివి, నాకు చెప్పొచ్చావా?” అన్నాడు. నేను రెండుసార్లే వెళ్లిన మాట నిజం. అత్తగారి సంగతీ నిజమే. అడిగే అర్హత నాకు లేదా? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, ముందు ఆమెను ఆసుపత్రికి తీసుకువెళ్లండి. మిగతాది తర్వాత చదవవచ్చు. చాలాకాలంగా షుగర్ ఉన్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది కనుక పుండు లోతుగా దిగుతున్నా నొప్పి తెలియకపోవచ్చు. నొప్పి లేదు కదా అని ఊరుకుంటే వేలు తీసివేయవలసిన స్థితి రావచ్చు.

ఇక మీరు అడిగిన అర్హత సంగతి. మీ అన్నయ్యగారు మీ గురించి చెప్పిన రెండు మాటలూ నిజమేనని మీరే ఒప్పుకున్నారు. ఆ నిజాయితీ వల్లనే మీకు మాట పెగల్లేదు. అయితే ఆ రెండు నిజాలూ బయటికి వచ్చిన తర్వాత గదిలో ఏం జరిగిందో ఒకసారి గుర్తు చేసుకోండి. మంచం మీద కూర్చున్న అమ్మ పాదం మీది పుండు గురించి మొదలైన సంభాషణ, మీరు ఎన్నిసార్లు వచ్చారన్న లెక్క దగ్గరికి, అక్కడి నుంచి మీ అత్తగారి దగ్గరికి వెళ్లిపోయింది. మీరిద్దరూ గాయపడి లేచారు, పుండు మాత్రం పసుపుతో అలాగే ఉండిపోయింది. ఎదురు తప్పు చూపడంలో నాకు అన్నింటికంటే బాధ కలిగించేది ఇదే. నష్టం ఎక్కువగా జరిగేది అడిగినవారికీ కాదు, అడిగించుకున్నవారికీ కాదు, ఎవరి కోసం ఆ ప్రశ్న పుట్టిందో ఆ మనిషికి.

మన తర్కశాస్త్రంలో దీనికి ప్రత్యేకంగా ఒక పేరే ఉంది. గౌతముని న్యాయసూత్రాల అయిదో అధ్యాయంలో, వాదంలో ఓటమికి గురుతులైన ఇరవైరెండు నిగ్రహస్థానాలను చెప్పారు. వాటిలో ఒకటి మతానుజ్ఞ. తన పక్షం మీద మోపిన దోషాన్ని తొలగించకుండా, అదే దోషం నీ పక్షంలోనూ ఉందని ఎదుటివాడి మీద మోపడం దాని లక్షణం. అనుజ్ఞ అంటే ఒప్పుకోలు. ‘నీలోనూ ఉంది’ అన్నవాడు తనలో ఉందని అప్పటికే ఒప్పుకున్నాడన్నమాట. గెలిచానని అతను అనుకున్న చోటే ఓడిపోయాడని శాస్త్రం లెక్క కట్టింది.

అయితే ఈ శాస్త్రం మీ అన్నయ్యగారి ముందు విప్పడం వల్ల ప్రయోజనం లేదు. రోజూ చూసుకునేది ఆయన, వదినగారు. అప్పుడప్పుడు వచ్చి లోపం చెప్పేది మీరు. ఆయన కోపం వెనుక ఎవరూ గుర్తించని అలసట ఉండి ఉండవచ్చు. అందుకే, “నువ్వన్నది నిజమే అన్నయ్యా, నేను రావలసినన్నిసార్లు రాలేదు. దాని గురించి నువ్వు ఎంతన్నా పడతాను. అమ్మ కాలు మాత్రం రేపు పొద్దున్నే చూపిద్దాం, నేను తీసుకెళ్తాను” అనండి. మీ తప్పును ఒప్పుకున్న తర్వాత దాన్ని మీ మీదికి విసిరే పని ఆయనకు మిగలదు. రెండు సంగతులను విడదీసి, ముందు దేని పని చేయాలో చెప్పడానికి మీకు పూర్తి అర్హత ఉంది. ఆమె మీకూ అమ్మే.

ప్రశ్న: మా ఊరి పాల కేంద్రంలో ధర కట్టే ఫ్యాట్ (కొవ్వు) శాతం మిషన్ మీద చూపిస్తారు కాని పాస్‌బుక్కులో రాయరు. పదిరోజులకొకసారి డబ్బు ఇచ్చేటప్పుడు ఎంత చెబితే అంత. రాయమని అడిగితే కేంద్రం పెద్దాయన అందరి ముందూ వేమన పద్యం ‘తప్పులెన్నువారు’ చదివి, “నువ్వెప్పుడూ పాలల్లో నీళ్లు కలపలేదా?” అన్నాడు. జనం నవ్వారు. వేమన పద్యం అంత మాట అన్నాక నేనేం చెప్పాలి? – ఒక పాడి రైతు, ప్రొద్దుటూరు ప్రాంతం

జవాబు: ఆ పద్యాన్ని పూర్తిగా చదువుకుందాం.

తప్పులెన్నువారు తండోపతండంబు
లుర్వి జనులకెల్ల నుండు తప్పు
తప్పులెన్నువారు తమ తప్పులెరుగరు
విశ్వదాభిరామ వినుర వేమ.

ఇందులో తప్పును ఎత్తి చూపకూడదన్న మాట ఎక్కడా లేదు. లోకంలో అందరికీ తప్పులుంటాయని, ఇతరుల తప్పులు లెక్కపెట్టేవారు తమవి తెలుసుకోరని మాత్రమే ఉంది. తప్పు ఉన్నవాడెవడూ నోరెత్తకూడదన్నదే దాని అర్థమైతే ముందు వేమనే మాట్లాడకూడదు. దొంగ గురువులను, రాళ్లకు మొక్కే మూఢత్వాన్ని, కుల గర్వాన్ని ఆయన పట్టుకుని కడిగినంతగా మన భాషలో కడిగినవారు అరుదు. ఆ పద్యం ఎవరికి వారు అద్దంలా చూసుకోవడానికి పనికివస్తుంది. లెక్క చెప్పవలసిన మనిషి దాన్ని అడిగినవాడి నోరు మూయించడానికి వాడితే, అది వేమనకు జరిగిన అన్యాయం. గురివింద గింజ సామెతకూ మన ఊళ్లలో ఇదే గతి పడుతోంది.

నీళ్ల సంగతి అడిగినందుకు నొచ్చుకోకండి. దానికి లాక్టోమీటర్ ఉంది. “నా పాలు రోజూ దాంతో చూడండి. నీళ్లుంటే నా పాస్‌బుక్కులోనే రాయండి. ఆ పక్కనే ఫ్యాట్ శాతం కూడా రాయండి” అని చెప్పండి. రెండు అనుమానాలూ ఒకే కాగితం మీద తేలిపోతాయి. అప్పుడు కూడా రాయనంటే ఇంకో నలుగురు రైతులను తోడు తీసుకుని సర్వసభ్య సమావేశంలో రాతపూర్వకంగా అడగండి. మీతోపాటు ఆ కేంద్రానికి పాలు పోసే ముసలమ్మలు, మిషన్ మీది అంకె చదవలేనివారు కూడా ఉంటారు. మీరు అడిగింది వాళ్ల తరఫున కూడా.

ప్రశ్న: నేను పోటీ పరీక్షలకు చదువుతున్నాను. కేథరిన్ మేయో రాసిన ‘మదర్ ఇండియా’ను గాంధీజీ మురుగుకాలువల ఇన్‌స్పెక్టరు నివేదిక అన్నారని చదివాను. అంటే ఆయన కూడా ఆ విమర్శను తిప్పికొట్టినట్టే కదా? పరాయి దేశంవాళ్లు మనల్ని వేలెత్తి చూపినప్పుడు వాళ్ల తప్పులు వాళ్లకు చూపడం దేశభక్తి కాదా? – ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీరు చదివింది గాంధీజీ వ్యాసంలో సగమే. మిగిలిన సగం తెలిస్తే మీ ప్రశ్నే మారిపోతుంది కనుక కొంచెం వివరంగా చెబుతాను.

కేథరిన్ మేయో అమెరికన్ పాత్రికేయురాలు. 1927లో వచ్చిన ఆమె పుస్తకం బాల్యవివాహాలు, పసి వయసులో ప్రసవాలు, వితంతువుల దుస్థితి, అంటరానితనం, అపరిశుభ్రత గురించి రాసి, ఇలాంటి సమాజం స్వపరిపాలనకు తగదన్న భావన పాఠకుడిలో కలిగించింది. ఉద్దేశం చెడ్డది. ఉన్నదాన్ని ఏరి, పెంచి, దేశమంతా అదేనన్నట్టు చూపించింది. దేశం భగ్గుమంది. జవాబు పుస్తకాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. లాలా లజపతిరాయ్ 1928లో ‘అన్‌హ్యాపీ ఇండియా’ ప్రచురించారు. అందులో మేయో వాదాలకు ఇచ్చిన జవాబులతోపాటు, అమెరికాలో నల్లజాతివారిని గుంపులు పట్టుకుని చంపే లించింగుల గురించి, వారిని వేరుగా ఉంచే తీరు గురించి అధ్యాయాలున్నాయి. ఆయన ఆ దేశంలో కొన్నేళ్లు ఉండి వచ్చినవారు. 1929లో లాహోరు నుంచి కె.ఎల్. గౌబా ‘అంకుల్ షామ్’ రాశారు. అమెరికాకు మారుపేరైన ‘అంకుల్ శామ్’ను ‘షామ్’, అంటే బూటకం, అని తిప్పిన ఆ పేరులోనే తెలుస్తోంది, అమెరికా మురికినంతా ఎత్తి చూపడమే దాని పని.

లజపతిరాయ్ లించింగుల గురించి రాసినది అబద్ధం కాదు. ఎవరి సంస్కృతి ఎంత గొప్పదో తూచడానికి వచ్చిన మనిషికి తన త్రాసును చూపించడం తప్పూ కాదు. ‘మీరు ఇలాంటివారు కనుక మిమ్మల్ని మేము పాలించాలి’ అన్న వాదం వచ్చినప్పుడు, ‘అలాంటివి మీ దగ్గరా ఉన్నాయి, మరి మిమ్మల్ని ఎవరు పాలించాలి?’ అని అడగడం ఆ వాదానికి సరైన జవాబే. కాని అదే జవాబు పన్నెండేళ్లకు పురిటి మంచం ఎక్కిన పిల్లకు ఏం చేస్తుంది? అలబామాలోనో మిసిసిపీలోనో ఒక నల్లజాతి యువకుణ్ని చెట్టుకు ఉరితీశారు కనుక ఈ పిల్ల నొప్పి తగ్గదు. ఈ రెండు ప్రశ్నలను కలిపివేయడం దగ్గరే మనం జారిపోతాం.

గాంధీజీ దీన్ని విడదీసి చూశారు. 1927 సెప్టెంబరు 15న ‘యంగ్ ఇండియా’లో రాసిన వ్యాసంలో, ఆ పుస్తకాన్ని మురుగుకాలువలు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు నివేదికతో పోల్చి, మేయో నిజాయితీని తీవ్రంగా నిలదీశారు. అదే వ్యాసంలో ప్రతి భారతీయుడూ ఈ పుస్తకం చదివితే కొంత మేలు పొందుతాడని, ఆమె ఆరోపణలు చేసిన తీరును తిరస్కరించినా వాటి అడుగున ఉన్న సారాన్ని తిరస్కరించలేమని కూడా అన్నారు. మీ పరీక్షల గైడు మొదటి మాటను ఉంచి రెండో మాటను వదిలేసింది. నాకు ఎప్పుడూ గొప్పగా తోచేది ఆ రెండో మాటే. దేశమంతా కోపంతో ఊగుతున్న సమయంలో తనవారి ముందు అది అనడానికి చాలా గుండె ధైర్యం కావాలి.

ఆ ధైర్యం ఆయనొక్కరిదే కాదు. మేయో పుస్తకం రాకముందే, 1927 ఫిబ్రవరిలో, హరబిలాస్ శారదా బాల్యవివాహాలను నిరోధించే బిల్లును కేంద్ర శాసనసభలో ప్రవేశపెట్టారు. 1928లో జోషీ కమిటీ ఏర్పడి పెళ్లి వయసు మీద సాక్ష్యాలు సేకరించింది. మహిళా సంఘాలు ఊరూరా మద్దతు కూడగట్టాయి. 1929లో చట్టం వచ్చింది, 1930 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 ఏళ్లు కనీస వయసుగా పెట్టింది. అమెరికా గురించి ఎన్ని పుస్తకాలు రాసినా ఆ పిల్లలకు దక్కని మేలు, ఈ సంఖ్యల వల్ల కొంతైనా దక్కింది.

మన దగ్గర ఈ దారి ఇంకా పాతది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించారు. 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’ మొదటి కూర్పు ముందుమాటలో గురజాడ, విజయనగరం మహారాజా ఆధ్వర్యంలో సేకరించిన లెక్క ఉదహరించారు. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో నమోదైన శుల్క వివాహాలు, అంటే డబ్బు తీసుకుని ఆడపిల్లను ఇచ్చిన పెళ్లిళ్లు, 1034. వాటిలో ఏడాది వయసు పసిబిడ్డలు కూడా ఉన్నారు. ఏ మేయో అడగకముందే, తన జిల్లా గురించి, తన కులంవారి గురించి, ఇంగ్లీషువారు చదివే భాషలోనే ఆయన ఆ మాట రాశారు. పరాయివాడి ముందు పరువు పోతుందని ఆగలేదు. మీరు విశాఖవారు కనుక ఈ సంగతి మీకు ప్రత్యేకంగా చెప్పాలనిపించింది. దేశభక్తి ఎక్కడ ఉందని మీరు అడిగారు కదా. ఆ 1034 అన్న అంకె దగ్గర వెతకమంటాను.

ఇదే పనిని ఒక రాజ్యం ఎలా చేస్తుందో చూడాలంటే సోవియట్ యూనియన్ ఉంది. అక్కడి నిర్బంధ శిబిరాల గురించి ఎవరు అడిగినా, ‘మీ దగ్గర నల్లవాళ్లను లించింగ్ చేస్తున్నారుగా’ అన్నది అక్కడ నానుడిలా స్థిరపడిపోయింది. 1931లో అలబామాలోని స్కాట్స్‌బరోలో తొమ్మిదిమంది నల్లజాతి కుర్రవాళ్ల మీద పెట్టిన అన్యాయపు కేసును సోవియట్ ప్రచారం విస్తృతంగా వాడుకుంది. విచిత్రమేమంటే ఆ ఎత్తిపొడుపు అమెరికాలో కొంత పని చేసింది. బడుల్లో జాతి విభజన కేసు సుప్రీంకోర్టులో ఉన్నప్పుడు, 1952 డిసెంబరులో అమెరికా ప్రభుత్వమే ఈ వివక్ష కమ్యూనిస్టు ప్రచారానికి మేత అవుతోందని కోర్టుకు విన్నవించింది. 1954 మే 17న ఆ విభజన చెల్లదని తీర్పు వచ్చింది. అంటే తమ తప్పును దిద్దుకోవడానికి అమెరికా ఆ మాటను వాడుకోగలిగింది. అదే మాట అన్న సోవియట్ ప్రభుత్వం మాత్రం దాన్ని తన శిబిరాల మీద తెరగా కప్పింది. ఆ తెర వెనుక ఉన్న ఖైదీకి, అలబామాలో ఏం జరుగుతోందో చెప్పి ఎవరూ శిక్ష తగ్గించలేదు.

ప్రశ్న: నాది చిన్న కిరాణా కొట్టు. ముందు రేకుల పందిరి ఫుట్‌పాత్ మీదికి నాలుగడుగులు వచ్చిన మాట నిజం. మున్సిపాలిటీ నాకొక్కడికే నోటీసు ఇచ్చింది. మా వరుసలో మిగతా పదకొండు కొట్లకూ పందిళ్లున్నాయి. వాళ్ల సంగతేమిటని అడిగితే, మాట మార్చొద్దన్నారు. నేను మాట మార్చానా? – ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: పూర్తిగా కాదు. మీ ప్రశ్నలో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ‘పదకొండు మందికీ ఉంది కనుక నా పందిరి ఉండనివ్వండి’ అన్నది ఒకటి. ‘చట్టం పన్నెండు మందికీ ఒకేలా ఎందుకు లేదు?’ అన్నది మరొకటి. మొదటిది చెల్లదు. మరొకరికి చట్టవిరుద్ధంగా దక్కిన లాభాన్ని చూపించి, చట్టం ముందు అందరూ సమానమనే రాజ్యాంగం 14వ అధికరణం కింద అదే లాభం నాకూ ఇవ్వమని అడగడానికి వీల్లేదని సుప్రీంకోర్టు చండీగఢ్ పాలనాయంత్రాంగానికి సంబంధించిన 1995 నాటి జగ్జీత్ సింగ్ కేసులోనూ, ఆ తర్వాత అనేక తీర్పుల్లోనూ స్పష్టం చేసింది. తప్పులో సమానత్వం అడగలేము.

రెండో ప్రశ్న న్యాయమైనది. ఒక్కరినే ఏరి నోటీసు ఇవ్వడం వెనుక పక్షపాతం ఉంటే దాన్ని ప్రశ్నించడం పౌరుడిగా మీ హక్కు. మాట మార్చారన్న నింద అధికారులకు కూడా అనువైన కవచం కాగలదని మరిచిపోకూడదు. అయితే ఏది ముందు అడుగుతారన్న దాన్ని బట్టి మీ మాటకు బలం వస్తుంది. ముందు మీ రేకులు వెనక్కి జరపండి. జరిపిన ఫొటో తీసి, మిగతా పందిళ్ల విషయంలో ఏం చర్య తీసుకుంటున్నారో సమాచార హక్కు చట్టం కింద రాతపూర్వకంగా అడగండి. మీ కొట్టు ముందు నాలుగడుగులు ఖాళీ అయినా, ఆ వరుసలో చంటిబిడ్డను ఎత్తుకుని నడిచే మనిషి ఇంకా పదకొండు చోట్ల రోడ్డు మీదికి దిగవలసిందే. ఆమె పేరు చెప్పి అడగండి, మీ మీద కోపం తీర్చుకుంటున్నారని ఎవరూ అనలేరు.

ప్రశ్న: మీరు ఇతరుల గురించి రాస్తున్నారు. నా బాధ వేరు. నా భార్య చిన్న లోపం చెప్పినా వెంటనే ఆమె చేసిన పాత పొరపాటు నా నోట్లోకి వచ్చేస్తుంది. తర్వాత సిగ్గుపడతాను. ఆపుకోవడం ఎలా? – పేరు రాయవద్దన్న పాఠకుడు, నిజామాబాద్

జవాబు: మీ ఉత్తరం చదివి చాలాసేపు కూర్చుండిపోయాను. ఎందుకంటే నేను కూడా అలా మాట్లాడినవాణ్నే.

చాలా ఏళ్ల కిందట ఇంటర్మీడియట్ తెలుగు పేపర్లు దిద్దడానికి ఒక స్పాట్ వాల్యుయేషన్ కేంద్రానికి వెళ్లాను. మే నెల ఎండ, హాలులో రెండే ఫ్యాన్లు. సాయంత్రం స్క్రూటినీ చేసే, అంటే దిద్దిన పేపర్లలో మార్కుల లెక్క సరిచూసే, సహోద్యోగి నా కట్టలోంచి ఒక పేపరు తెచ్చి, లోపలి పేజీలో వ్యాసానికి వేసిన ఆరు మార్కులు ముందు పేజీ మీది పట్టికలోకి ఎక్కలేదని నెమ్మదిగా చెప్పాడు. అంతమంది ముందు చెప్పాడన్న చిన్నతనంతో నేను, “నిన్న మీ టేబుల్ కట్టలో మూడు పేపర్లకు టోటల్ తప్పింది. అప్పుడు ఎవరూ ఇంత పట్టించుకోలేదే?” అన్నాను. అది నిజమే. ఆయన ఏమీ అనలేదు. పేపరు నా ముందు పెట్టి, ఎర్ర సిరాతో నేనే వేసిన ఆరు అన్న అంకె మీద వేలు ఉంచి అలాగే నిలబడ్డాడు. కింద టోటల్ చూశాను. ముప్పైఒకటి. పాస్ కావాలంటే ముప్పైఅయిదు.

ఆ పేపరు మీద పేరు ఉండదు. ఎవరో, ఏ ఊరివాడో తెలియదు. కాని నేను నా పరువు కోసం వెతుక్కున్న ఆ మూడు పేపర్లకూ, అతను పరీక్ష తప్పడానికీ ఏ సంబంధమూ లేదని ఆ క్షణంలో కళ్లకు కట్టినట్టు కనిపించింది.

మీకు నేను చెప్పగల ఉపాయం ఆయన వేలే. మీ భార్య ఏదైనా లోపం చెప్పినప్పుడు, ఆమె దేని గురించి చెబుతోందో ఆ వస్తువు వైపు, ఆ మనిషి వైపు చూడండి. కట్టని కరెంటు బిల్లు, ఫీజు గడువు దాటిన పిల్లవాడు, గేటు దగ్గర ఎదురుచూస్తున్న మామగారు, ఏదైనా కావచ్చు. ముందు దాని పని పూర్తి చేయండి. ఆమె పాత పొరపాటు మీకు నిజంగా బాధ కలిగించి ఉంటే, దానికి వేరే రోజు, వేరే సమయం ఇవ్వండి. అది కూడా వినదగిన ఫిర్యాదే. మరొకదానికి జవాబుగా వచ్చినప్పుడు మాత్రం దాన్ని ఎవరూ వినరు. నోరు జారిన రోజున, సిగ్గును లోపల దాచుకోకుండా, “నువ్వన్నదానికి జవాబు చెప్పలేదు, ఇప్పుడు చెబుతాను” అని ఆమెతో అనండి.

ఆ సాయంత్రం నేను కలం తీసి, ముప్పైఒకటి కొట్టివేసి ముప్పైఏడు వేసి, పక్కన సంతకం చేశాను. ఆయన పేపరు తీసుకుని రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి, “నిన్నటి మూడూ మావే సార్, పొద్దున్నే సరిచేశాం” అన్నాడు.